మేస్త్రి వేసిన ఎర్ర పాదాలు

రామచంద్రపురం చుట్టుపక్కల సామిల్లుల్లో పనిచేసే కోత మేస్త్రిని ఎవరికైనా కొత్తగా పరిచయం చేస్తే, ఆ మనిషి మేస్త్రి మొహం కన్నా ముందు చేతులు చూస్తాడు. ఎన్ని వేళ్ళు మిగిలాయా అని. ఒకడికి చూపుడువేలు సగమే ఉంటుంది, ఇంకొకడికి బొటనవేలు మొదలంటా ఉండదు. పదేళ్ళు రంపం ముందు నిలబడ్డవాడికి ఆ మాత్రం పోవడం మామూలే అని వాళ్ళలో వాళ్ళు చెప్పుకుంటారు, చెప్పుకుని నవ్వుకుంటారు కూడా. ఆ నవ్వు వీరబ్రహ్మానికి అస్సలు గిట్టేది కాదు. ఇరవై నాలుగేళ్ళు బ్యాండు రంపం ముందు నిలబడ్డా అతని పది వేళ్ళూ అతనికే ఉన్నాయి. అతని కింద పనిచేసిన వాళ్ళ వేళ్ళూ వాళ్ళకే ఉన్నాయి. ఊళ్ళో అందరూ అతన్ని పదివేళ్ళ మేస్త్రి అనేవారు. పైకి చిరాకు పడ్డట్టు కనిపించేవాడు గానీ, ఆ పేరంటే అతనికి ప్రాణం.

ఆ పేరు ఊరికే రాలేదు. పొద్దున్నే మిల్లుకి రాగానే వాచీ తీసి గూట్లో పెట్టేవాడు, ఉంగరం తీసి వాచీ పక్కన పెట్టేవాడు. అన్నవరంలో వ్రతం చేయించుకుని ముంజేతికి కట్టించుకున్న తోరాన్ని కూడా రంపం దగ్గరికి రానిచ్చేవాడు కాదు. పక్కనున్నవాళ్ళు అపచారమంటే, "దేవుడు తిరిగి కట్టించుకోవచ్చంటాడు, రంపం అనదు" అని విప్పేసేవాడు. పొడుగు చేతుల చొక్కా వేసుకొచ్చినవాణ్ణి గేటు దగ్గరే ఆపి మోచెయ్యి పైదాకా మడతలు పెట్టించేవాడు. లుంగీ కట్టుకొచ్చినవాణ్ణి ఇంటికి పంపేసేవాడు. పలక చివర జానెడు మిగిలిందంటే అక్కణ్ణుంచి చెయ్యి పనిచెయ్యకూడదు, తోపుకర్ర పనిచెయ్యాలి. స్విచ్చి ఆపాక కూడా చక్రం తిరుగుతూనే ఉంటుంది. అది పూర్తిగా ఆగేదాకా పొట్టు ఊడ్వడానికి కూడా ఎవరూ వంగకూడదు. రంపం తిరుగుతుండగా మాట్లాడితే తిట్టేవాడు. అతని తిట్లు పడలేక పని మానేసిన వాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు. వాళ్ళు వేరే మిల్లుల్లో చేరారు. వాళ్ళలో ఇద్దరికి ఇప్పుడు వేళ్ళు తక్కువ.

ఎర్ర పాదాలు కూడా అతని పనే. మేస్త్రి అయిన మొదటి ఏడాదే, కోసిన పలకని రంపం వెనక నుంచి అందుకునేవాడొకడు తడబడి రంపం మీదకి తూలబోయాడు. ఆ సాయంత్రం వీరబ్రహ్మం రెడాక్సైడు డబ్బా తెచ్చి, తన అరికాళ్ళకే పూసుకుని, సిమెంటు గచ్చు మీద నిలబడి అచ్చు వేశాడు. రంపానికి ఎడం పక్కన ఒక జత. అది మేస్త్రి చోటు. రంపానికి వెనకాల, కుడి వైపున ఒక అడుగు ఎడంగా ఇంకో జత. అది పలక అందుకునేవాడి చోటు. చుట్టూ ఎర్ర గీత. రంపం తిరుగుతున్నంతసేపూ ఆ గీత దాటడానికి వీల్లేదు. ఏటా దసరాకి ఆయుధపూజ అయ్యాక, రంపానికి బొట్లు పెట్టి నిమ్మకాయ కోశాక, మళ్ళీ తన కాళ్ళకి రంగు పూసుకుని పాత అచ్చుల మీదే నిలబడేవాడు. వెలిసిపోయిన పాదాలు మళ్ళీ ఎర్రగా వచ్చేవి.

నాలుగేళ్ళ కిందట మిల్లు చేతులు మారింది. కొన్నాయన భీమవరం వైపు నుంచి వచ్చిన జగపతిరాజు గారు. రొయ్యల చెరువులున్న మనిషి. ఆయనకి గొంతు పెంచడం తెలీదు. ఎవరినైనా అండీ అనే పిలుస్తాడు, కూర్చోబెట్టి టీ ఇప్పిస్తాడు, చెయ్యకూడని పని కూడా మర్యాదగానే చేయిస్తాడు. అలాంటి వాళ్ళతో తగువు పెట్టుకోవడం ఎంత కష్టమో పడ్డవాళ్ళకే తెలుస్తుంది.

బ్యాండు రంపం అంటే పైనొక పెద్ద చక్రం, కింద గోతిలో ఇంకో చక్రం, ఆ రెంటి మీదా బెల్టులా తిరిగే పళ్ళ బ్లేడు. పై చక్రానికి రేకు మూత ఉంటుంది. నడుస్తుండగా బ్లేడు తెగిందంటే ఆ మూతే దాన్ని లోపల పట్టి ఉంచుతుంది. మూత లేకపోతే అది ఎటు పోతుందో చెప్పలేం. అయితే బ్లేడు మార్చాలంటే మూతకున్న నాలుగు బోల్టులూ విప్పాలి, మళ్ళీ బిగించాలి. రోజుకి మూడుసార్లు బ్లేడు మొద్దుబారుతుంది.

"ఎందుకండి మేస్త్రిగారూ ఈ శ్రమంతా," అన్నాడు రాజుగారు ఒకరోజు. "ఆ మూత తీసి పక్కన పెడదామండి. ఈ బోల్టులతో పట్టే టైములో ఇంకో దుంగ కోసుకోవచ్చు."

"మూత లేకపోతే ఇబ్బందండి. బ్లేడు తెగితే బయటికొచ్చేస్తాది."

"మీరుండగా బ్లేడెందుకు తెగుద్దండి?"

ఇంకెవరైనా ఆ మాటే వెటకారంగా అంటే వీరబ్రహ్మం కయ్యిమనేవాడు. రాజుగారు నిజంగా నమ్మినట్టు అన్నాడు. అది తియ్యగా తగిలింది. మర్నాడు మూత ప్రహరీ గోడకి చేరింది. వారం తిరక్కుండా వాచ్‌మన్ కోళ్ళు దాని కిందకి దూరి గుడ్లు పెట్టాయి. వీరబ్రహ్మం ఆ తర్వాత ఇంకో రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ టీ వచ్చింది, మూత రాలేదు. మూడోసారి అడగలేదు. మూత లేదు కాబట్టి నేను కొయ్యను అని ఒక్కరోజైనా చెయ్యి కట్టుకుని నిలబడి ఉండాల్సింది. నిలబడలేదు. అది అతనికి తెలుసు. ఇప్పుడు మరీ బాగా తెలుసు.

పలక అందుకునేవాడు పెదబాబు. కోటిపల్లి రేవులో వలలేసుకు బతికిన కుటుంబం. గోదాట్లో చేప తగ్గిపోయాక పడవ ఒడ్డున బోర్లించి మిల్లుకొచ్చాడు. ముప్పై నాలుగేళ్ళ మనిషి, తెడ్డేసిన భుజాలు, ఎంత బరువు పలకైనా కింద తగలకుండా అందుకునేవాడు. అతని భార్య లోవమ్మ రామచంద్రపురం మార్కెట్లో చేపలమ్ముతుంది. పెదబాబుకున్న గొప్ప గుణం, చెప్పిన మాట వినడం. ఎందుకని అడిగేవాడు కాదు. పొద్దున్నే వచ్చి చెప్పులు విడిచి ఆ ఎర్ర పాదాల్లో తన పాదాలు పెట్టి నిలబడ్డాడంటే, స్విచ్చి ఆపి వీరబ్రహ్మం చెయ్యెత్తేదాకా కదిలేవాడు కాదు. ఇలాంటివాడు పదేళ్ళ ముందు దొరికుంటే సగం తిట్లు మిగిలేవని వీరబ్రహ్మం ఇంట్లో భార్యతో అనేవాడు.

ఈ ఏడాది ఏప్రిల్లో కాలవ రోడ్డు వెడల్పు చేశారు. గట్టు మీదున్న నిద్రగన్నేరు చెట్లన్నీ కొట్టేశారు. వాటిలో అన్నిటికన్నా లావైన మొద్దుని రాజుగారు కొన్నాడు. కోనసీమలో ఎవరో రిసార్టు కడుతున్నారట, వాళ్ళకి అతుకు లేకుండా ఒకే పలకతో చేసిన భోజనాల బల్ల కావాలట.

రోడ్డు పక్క చెట్టంటే వీరబ్రహ్మానికి ఒక పద్ధతి ఉంది. పొలం గట్టు చెట్టుకి మేకులుండవు. రోడ్డు చెట్టుకి ఉండి తీరతాయి. లోపల మేకు తగిలిందంటే బ్లేడు తెగుతుంది. ట్యూషన్ల బోర్డులు, కళ్ళద్దాల షాపులు, పుట్టినరోజు ఫ్లెక్సీలు, అందరికీ చెట్టే గోడ. మనిషి చెయ్యి అందే ఎత్తులోనే కొడతారు కాబట్టి, రోడ్డు చెట్టు మొదట్లో ఏడడుగుల ముక్క కోసి పొయ్యిలోకి పారేసేవాడు, మిగతాదే రంపం ఎక్కించేవాడు. ఎంత మంచి కలపైనా సరే. ఈసారి ఆ ఏడడుగులే రాజుగారికి కావాలి. చెట్టు లావంతా అక్కడే ఉంది.

"కాదంటే కాదనండి, నేనేమీ అనుకోను," అన్నాడు రాజుగారు. "కాకపోతే మీకు తెలీని చెట్టా అండి అది?"

తెలీని చెట్టు కాదు మరి. వీరబ్రహ్మం ఇరవై నాలుగో ఏట సొంతంగా వడ్రంగం షాపు పెట్టుకున్నది ఆ చెట్టు కిందే. నాలుగేళ్ళు నడిచింది. తర్వాత రెడీమేడ్ తలుపులొచ్చి షాపు మూతబడితే మిల్లులో చేరాడు. ఆ నాలుగేళ్ళూ ఆ చెట్టు నీడలోనే క్యారేజీ విప్పుకుని అన్నం తిన్నాడు. ఆ చెట్టుకి ఎవరు ఎక్కడ ఏం కొట్టారో చెప్పగలననుకున్నాడు. ఒక పూటంతా మొద్దు పక్కన కూర్చుని అంగుళం అంగుళం అరచేత్తో తడిమాడు, నల్లమచ్చ కనిపించిన ప్రతిచోటా ఉలితో చెక్కాడు. పదకొండు మేకులు లాగాడు. కళ్ళద్దాల షాపువి నాలుగూ దొరికాయి, టైపు ఇన్‌స్టిట్యూటువి రెండు దొరికాయి. అందరి మేకులూ గుర్తొచ్చాయి. ఇక లేవు, ఎక్కించండి అన్నాడు.

కోత మొదలయ్యేసరికి పొద్దున్న పదైంది. మొదటి కోత వెన్నలా దిగింది. రెండో కోత సగానికి వచ్చేసరికి మోత మారింది. ఆ మోత వినబడ్డ క్షణంలోనే వీరబ్రహ్మం చెయ్యి స్విచ్చి మీదకి పోయింది. చెయ్యి చేరేలోపే బ్లేడు తెగింది. తెగిన కొస పై చక్రం మీంచి, మూత ఉండాల్సిన చోటు మీదుగా బయటికొచ్చింది. కుడి వైపుకి, ఒక అడుగు ఎడంగా.

పలక కింద పడకుండా పెదబాబు ఎడం చేత్తో ఇంకా పట్టుకునే ఉన్నాడు. కుడి చెయ్యి మణికట్టు నుంచి కిందకి లేదు. వీరబ్రహ్మం తువ్వాలు బిగించి కట్టి, ఆటోలో ఒళ్ళో పడుకోబెట్టుకుని కాకినాడ తీసుకెళ్ళాడు. సగం దారి దాటేదాకా పెదబాబుకి తెలివి ఉంది. "పలకేమన్నా విరిగిందాండి?" అని అడిగాడు. లేదని చెప్పాడు వీరబ్రహ్మం.

సాయంత్రం తిరిగొచ్చి, ఆ మొద్దు దగ్గర కూర్చుని ఉలితో తవ్వాడు. జానెడు లోపల, చేవలో, మేకు దొరికింది. బజారు మేకు గుండ్రంగా ఉంటుంది. ఇది నాలుగు పలకలుగా ఉంది. తల మీద మూడు సుత్తి దెబ్బల గుర్తులున్నాయి.

ఆ గుర్తులు అతని తండ్రివి. కొలిమి పెట్టుకుని బతికిన మనిషి, తను సాగదీసిన ప్రతి మేకు తల మీదా మూడు దెబ్బలు వేసేవాడు. కొడుకు షాపు పెట్టిన రోజున జానెడు మేకు ఒకటి చేసి, పసుపు రాసి, బొట్టు పెట్టి, ముహూర్తానికి బోర్డు చెట్టుకి కొట్టించాడు. వాళ్ళ ఇంటి ఆచారం అది. మొదటి మేకు ఇంట్లో కాల్చినదై ఉండాలి, ముహూర్తం మేకుని ఎప్పుడూ పెరక్కూడదు. పెరికితే పని చేసే చేతికి కీడంటారు. షాపు మూసేసిన రోజు వీరబ్రహ్మం బోర్డు పీకేశాడు, మిగతా మేకులు పీకేశాడు, ఆ ఒక్కదాన్నీ తండ్రి మాట కోసం వదిలేశాడు. తర్వాత ఆ షాపు సంగతి తలుచుకోవడమే మానేశాడు. చెట్టు మాత్రం పెరుగుతూనే ఉంది. అందరి మేకులూ గుర్తున్నవాడికి తన మేకు గుర్తు రాలేదు. చెయ్యికి కీడు జరగకూడదని వదిలేసిన మేకు ఇంకొకడి చెయ్యి తీసుకుంది. మేకుని గుప్పిట్లో పెట్టుకుని చీకటి పడేదాకా అక్కడే ఏడ్చాడు.

మర్నాడు పొద్దున్నకి మిల్లులో మూత చక్రం మీద ఉంది. కొత్త బోల్టులు, పైన తడి ఆరని ఆకుపచ్చ రంగు. గోడ దగ్గర కోళ్ళు పాత చోటులో అటూ ఇటూ తిరుగుతున్నాయి. రాజుగారు కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు.

"రేపు విచారణకి ఆఫీసరొస్తన్నారండి. పెదబాబు గీత దాటాడని రాయిస్తన్నామండి. పలక పెద్దది కదా, ముందుకొచ్చుంటాడు. మీరేమీ చెప్పక్కర్లేదు, అవునంటే చాలు. మీ పేరు పాడవ్వకూడదు కదండి. ఇరవై నాలుగేళ్ళ పేరు."

వీరబ్రహ్మం టీ ముట్టుకోకుండా లేచొచ్చేశాడు.

ఆ మధ్యాహ్నం కాకినాడ ఆసుపత్రి వరండాలో లోవమ్మ అతనికి ఎదురొచ్చింది. ఆమెకి అప్పటికే కబురు తెలిసిపోయింది.

"అన్నయ్యగారూ, ఈయన గీత దాటేడంటన్నారంటండి. మాట వినకుండా చేసినోడికి పరిహారం ఏమీ రాదంట. ఊళ్ళో కూడా తాగొచ్చి మీద పడ్డాడని చెప్పుకుంటన్నారు. మీరు ఎదురుగా ఉన్నారు కదండి. మీరు చూసింది చెప్పండి. నేనింకేం అడగను."

లోపల పెదబాబు కళ్ళు తెరుచుకుని పడుకుని ఉన్నాడు. కట్టు కట్టిన చెయ్యి పొట్ట మీద పెట్టుకున్నాడు.

"నేను కదల్లేదండి మేస్త్రిగారూ," అన్నాడు. "ఆయ్, మీ పాదాల్లోనే ఉన్నానండి. మీరేసిన చోటే."

వీరబ్రహ్మానికి అప్పుడు తగిలింది. మేకు దొరికినప్పుడు కూడా అంత దెబ్బ తగల్లేదు. మూత ఉన్న రోజుల్లో ఆ చోటు క్షేమమే. మూత తీసేసిన రోజు నుంచి, బ్లేడు తెగితే ఎటొస్తుందో సరిగ్గా అటే ఉంది ఆ చోటు. నాలుగేళ్ళ కిందట ఒక అరగంట ఆలోచిస్తే తెలిసేది. అచ్చులు చెరిపేసి మూడడుగులు వెనక్కి వెయ్యాల్సింది. అతను ఆలోచించలేదు సరికదా, నాలుగు దసరాలు కాళ్ళకి రంగు పూసుకుని, అదే చోట మళ్ళీ మళ్ళీ నిలబడి, ఎర్రగా దిద్ది మరీ చూపించాడు. ఎవడైనా మాట వినని వెధవ అక్కడ నిలబడి ఉంటే, గీత దాటి అటో ఇటో తిరుగుతూ ఉండేవాడు, బతికిపోయేవాడేమో. మాట విన్నవాడి చెయ్యి పోయింది.

ఇప్పుడు పెదబాబు గీత దాటలేదని చెప్పడమంటే, నేను చూపించిన చోటే తప్పని చెప్పడం. చెప్పకపోతే పెదబాబుకి చెయ్యీ లేదు, దానికి రావాల్సిందీ రాదు, పైగా తాగుబోతని పేరు. చెబితే పదివేళ్ళ మేస్త్రి అనే పేరు ఆ రోజుతో సరి. అతనికి వేరే ఆస్తి లేదు. ఉన్నది ఆ పేరే. ఆ రాత్రి భార్య సత్యవాణి అన్నం పెడుతూ, "ఏం చెబుతారు?" అని అడిగింది. "ఉన్నది చెబుతాను" అన్నాడు. ఆమె మజ్జిగ పోసింది.

విచారణకి వచ్చిన ఆఫీసరు మిల్లు అంతా తిరిగి చూసి కుర్చీలో కూర్చున్నాడు. వీరబ్రహ్మం నిలబడే చెప్పాడు. పెదబాబు తాగలేదండి, గీత దాటలేదండి, నేను వేసిన పాదాల్లోనే ఉన్నాడండి అన్నాడు. జేబులోంచి మేకు తీసి బల్ల మీద పెట్టి, ఇది నాదండి, నేనే కొట్టానండి, మర్చిపోయానండి అన్నాడు. ఆఫీసరు ఆ మేకుని అటూ ఇటూ తిప్పి చూసి, పక్కనున్న గుమాస్తా చేత రాయించాడు. నాలుగేళ్ళుగా మూత లేదండి, మొన్న రాత్రే బిగించారండి అని కూడా చెప్పాడు. అది చెప్పినప్పుడు గుమాస్తా కలం ఆగింది.

"మూత ఉంది కదయ్యా," అన్నాడు ఆఫీసరు.

వీరబ్రహ్మం వెళ్ళి నాలుగు బోల్టులూ విప్పి మూత దింపి తిరగేశాడు. బయట రంగు వేశారు గానీ లోపల వెయ్యలేదు. మూలల్లో ఎండుగడ్డి ఇరుక్కుని ఉంది. రెండు కోడి ఈకలు ఉన్నాయి. పగిలిన గుడ్డు పెంకు ఒకటి గచ్చు మీద పడింది.

"చక్రం తిరిగే చోట కోడి గుడ్లు పెడతదాండి?" అన్నాడు వీరబ్రహ్మం.

ఆఫీసరు ఆ పెంకు వైపు చూశాడు, రాజుగారి వైపు చూశాడు. కొంచెం నవ్వాడు. వాచ్‌మన్‌ని పిలిచి అడిగితే, మూత ఎప్పుడూ చక్రం మీదే ఉండేదండి అన్నాడు. దుంగని ట్రాలీ మీద రంపంలోకి తోసే కూలీలిద్దరూ అదే అన్నారు. వాళ్ళూ పొట్ట చేత పట్టుకుని వచ్చినవాళ్ళే, వాళ్ళ మీద వీరబ్రహ్మానికి కోపం రాలేదు. రాజుగారు లేచి అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"చూశారా అండి, ఎంత నిజాయితీ గల మనిషో. తన తప్పు తనే ఒప్పుకున్నాడు. ఈ రోజుల్లో ఎవరొప్పుకుంటారండి?"

మేకు వీరబ్రహ్మానిది. పాదాలు వీరబ్రహ్మానివి. మూత రాజుగారిది. మూడిట్లో రెండే కాగితం మీదకి ఎక్కాయి. పెదబాబు గీత దాటలేదని మాత్రం రాశారు. అతనికి రావాల్సింది చట్టప్రకారం వస్తుందన్నారు. అంతవరకు మేలే. ఆ మేలుని వీరబ్రహ్మం గుండెకి హత్తుకుని ఇంటికొచ్చాడు. మిల్లు యజమాని ఏ లోపమూ చెయ్యలేదని, ప్రమాదం కోత మేస్త్రి అజాగ్రత్త వల్ల జరిగిందని ఉన్న కాగితం వారం రోజుల్లో వచ్చింది. దాంతోపాటే, మీరింక విశ్రాంతి తీసుకోండి మేస్త్రిగారూ అని రాజుగారి దగ్గర్నుంచి ఫోనొచ్చింది. ఎంతో మర్యాదగా చెప్పాడు.

పెదబాబు కోటిపల్లి వెళ్ళిపోయాడు. వీరబ్రహ్మం రెండుసార్లు చూడ్డానికి వెళ్ళాడు. రెండోసారి లోవమ్మ గుమ్మంలోనే నిలబడి, "మీరు చెప్పిన మాట వల్లే మాకు అన్యాయం జరగలేదండి, మర్చిపోం" అంది. తలుపు రెక్క దగ్గరికి లాక్కుంటూ, "ఆ మేకు మీదేనంటగా అండి" అంది. లోపలికి రమ్మనలేదు. ఆమెది తప్పని అతను అనుకోలేదు.

ఊళ్ళో కూడా అతని పేరు మారింది. టీకొట్టు దగ్గర ఇప్పుడు అతన్ని మేకు మేస్త్రి అంటున్నారు. ఇరవై నాలుగేళ్ళు ఒక్కొక్క రోజే పోగేసుకున్న పేరుకి బదులుగా ఈ పేరు ఒక్క పూటలో వచ్చింది. వేరే మిల్లులో పని అడిగితే, చూస్తామండి అన్నారు. ఇంటి వసారాలో పీటలు, రోకళ్ళు చేసుకుంటూ కూర్చున్నాడు. ముంజేతికి తోరం ఉంచుకుంటున్నాడు. విప్పాల్సిన పని లేదిక.

దసరా వెళ్ళిన వారానికి ఏదో పని మీద మిల్లు రోడ్డున వెళ్తుంటే రంపం మోత వినబడింది. కాళ్ళు వాటంతటవే గేటు దగ్గర ఆగాయి. పై చక్రం బోడిగా తిరుగుతోంది. ఆకుపచ్చ మూత గోడకి ఆనించి ఉంది. దాని కింద ఒక కోడి ముడుచుకుని కూర్చుని ఉంది. అతను వాచ్‌మన్ వైపు చూశాడు. వాచ్‌మన్ తల తిప్పుకున్నాడు.

గచ్చు మీద పాదాలు ఎర్రగా మెరుస్తున్నాయి. పూజకి ఎవరో బ్రష్షుతో దిద్దారు. ఆ పాదాల్లో ఎవరో కొత్త మనిషి నిలబడి ఉన్నాడు. నలభై దాటినవాడు, పొలం పని వదిలి వచ్చినట్టున్నాడు, చొక్కా చేతులు మోచెయ్యి పైదాకా మడిచి ఉన్నాయి.

రంపం ఆగి, చక్రం పూర్తిగా నిలిచాక, వీరబ్రహ్మం లోపలికి వెళ్ళాడు. ఎవరూ ఆపలేదు.

"ఏమండి, ఆ చోటు మంచిది కాదండి. మూడడుగులు వెనక్కి నిలబడండి," అన్నాడు.

ఆ మనిషి అతన్ని ఎగాదిగా చూశాడు. ముందు మొహం కాదు, చేతులు చూశాడు.

"మీరెవరో తెలీదు గానండి," అన్నాడు మర్యాదగానే, "ఇక్కడే నిలబడాలని చెప్పారండి. ఈ పాదాలేసిన మేస్త్రి దగ్గర ఇరవై ఏళ్ళ పైన పనిచేస్తే ఒక్కడికి ఒక్క వేలు పోలేదంటండి. నేనైతే కదలను."

వీరబ్రహ్మం ఆ మేస్త్రిని నేనేనని చెప్పబోయాడు. చెబితే, ఈ పది వేళ్ళూ చూసి ఆ పేరు నిజమేనని నమ్మి ఆ మనిషి ఇంకా గట్టిగా నిలబడతాడని అర్థమైంది. అక్కడే గచ్చు మీద కూలబడి, ఆ ఎర్రరంగుని గోళ్ళతో గీకడం మొదలుపెట్టాడు. ట్రాలీ తోసేవాళ్ళు వచ్చి చెరో రెక్కా పట్టుకుని లేపి గేటు బయట వదిలారు. వెనకాల మళ్ళీ స్విచ్చి వేసిన చప్పుడైంది.